నూరు ఫీల్డులు

ఆసుపత్రిలో దండాలన్నీ డాక్టరు గారికే. మిగిలితే వార్డులో సిస్టరమ్మకి. ల్యాబ్ వాడి దగ్గరికి జనం వచ్చేది రక్తం ఇవ్వడానికోసారి, కాగితం పట్టుకెళ్ళడానికోసారి. మొదటిసారి వాళ్ళ కళ్ళు సూది మీద ఉంటాయి, రెండోసారి కాగితం మీద. కిటికీ వెనక కూర్చున్న మనిషి మొహం చూసే తీరిక ఎవరికుంటుంది? జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకొచ్చినవాళ్ళు నా మొహం ఎందుకు చూడాలి కూడా?

అలా ఆ కిటికీ వెనక ముప్పై ఏళ్ళ పైనే కూర్చుని రిటైరయ్యాను. నాకెవరూ థాంక్స్ చెప్పలేదన్న బెంగ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఖాళీగా కూర్చుని పాత రోజులు తలుచుకుంటే నేనే చాలామందికి బాకీ పడ్డట్టు అనిపిస్తోంది. మనుషులకే కాదు, కొన్ని వస్తువులకీ, చివరికి ఆ రోజువారీ చాకిరీకి కూడా.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు అటు వెళ్ళింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. సినిమాకి అటు, రేషన్‌కి ఇటు. నేను బరంపురం మెడికల్ కాలేజీలో ల్యాబ్ డిప్లొమా చేసి 1989లో ఉద్యోగంలో చేరేనాటికి మాకు గజపతి జిల్లా లేదు, గంజాం జిల్లాయే. నా మొదటి పోస్టింగు గుణుపురం వైపు, అది అప్పటికి కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరు 2న గజపతి, రాయగడ జిల్లాలు ఒకేరోజు పుట్టాయి. మా రిజిస్టర్ల మీద రబ్బరు స్టాంపులు మారాయి. జ్వరాలు మారలేదు.

అప్పట్లో నౌపడ నుంచి గుణుపురం వరకూ చిన్న రైలుండేది. పర్లాకిమిడి రాజావారు 1900లో తమ ఊరి దాకా వేయించి, తర్వాత గుణుపురం దాకా పొడిగించిన నారో గేజి. దాని నడక గురించి మావైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ రైల్లోనే కాశీనగర్ వైపు నుంచీ, దారిలోని ఊళ్ళ నుంచీ హెల్త్ వర్కర్లు స్లయిడు పెట్టెలు, అంటే మలేరియా పరీక్షకి రక్తం పూసిన గాజు అద్దాల పెట్టెలు పట్టుకొచ్చేవాళ్ళు. పెట్టెలో మడతపెట్టిన కాగితం, అందులో ఊరు పేరు, మనిషి పేరు, వయసు, స్లయిడు నంబరు. ఒక్కో పెట్టె వచ్చేసరికి వారం దాటిపోయేది. ఈలోగా జ్వరమొచ్చిన మనిషికి అక్కడే క్లోరోక్విన్ నాలుగు మాత్రలిచ్చి వదిలేవారు, ఫలితం తేలాక మిగతా వైద్యం. ఫలితం తేల్చాల్సింది నేను. పెట్టె ఆలస్యమైతే నా గుండె కొట్టుకునేది. ఎందుకంటే ఆ వారంలో పచ్చి రక్తపు మరకని చీమలూ బొద్దింకలూ తినేసేవి. నిజంగానే తినేసేవి. పెట్టె తెరిస్తే కొన్ని అద్దాల మీద రక్తం ఉండాల్సిన చోట శుభ్రంగా నాకేసినట్టుండేది. దాని వెనకాల ఎక్కడో కొండ మీద ఒక మనిషి, మళ్ళీ వేలు పొడిపించుకోమంటే ఒప్పుకోడు.

రక్తం ఇవ్వడమంటే అప్పట్లో మహా భయం. మా రక్తం పట్టుకుపోయి పట్నంలో అమ్ముకుంటారని కొండల్లో గట్టి నమ్మకం. మా అటెండరొకడు సవర భాష మాట్లాడేవాడు. కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళతో అల్లం పసుపు ధరల గురించీ, జీలుగు కల్లు గురించీ కబుర్లు పెట్టి నవ్వించేవాడు. వాళ్ళు నవ్వుతూ ఉండగా నేను ఎడమ చేతి ఉంగరపు వేలు పట్టుకునేవాణ్ణి. వాడు లేని రోజున సగం మంది వెనక్కి వెళ్ళిపోయేవారు. జీతాల కాగితంలో వాడి పని 'నాలుగో తరగతి' అని ఉండేది. నా దృష్టిలో ఆ ఆసుపత్రిలో అంత పెద్ద పని చేసినవాడు ఇంకొకడు లేడు.

నాకు పని నేర్పినాయన మా సీనియర్ టెక్నీషియన్. అందరం మావయ్యా అనేవాళ్ళం. చదివింది నాకంటే తక్కువే. కాలేజీలో నాకు పుస్తకం నేర్పారు, చెయ్యి మాత్రం ఈయన నేర్పాడు. వేలు మీద స్పిరిట్ ఆరకముందే పొడవకు. మొదటి చుక్క తుడిచెయ్. రెండో చుక్క దానంతటదే రావాలి, వేలు పిండితే నీళ్ళొస్తాయి, రక్తం కాదు. ఒకే అద్దం మీద ఈ పక్క మందంగా ఒక చుక్క, మూలతో తిప్పి రూపాయి బిళ్ళలో సగం అంత చేయాలి. ఆ పక్క పల్చగా ఒక పూత, చివరికొచ్చేసరికి నాలుక ఆకారంలో పల్చబడిపోవాలి. ఆ పల్చని పూత ఆరాక దాని మీదే పెన్సిల్‌తో నంబరు రాయాలి. ఇంకు కాదు, పెన్సిలే. రంగులో ముంచినా, నీళ్ళలో కడిగినా చెరగనిది అదొక్కటే. కాగితాలు తడిసిపోయినా, పెట్టె తలకిందులైనా, రక్తం మీద గీసిన నంబరు మాత్రం ఉండేది. ఇంత చిన్న తెలివి ఎవరికి మొదట తట్టిందో గానీ, వాళ్ళకి కూడా నేను బాకీయే.

రంగు సంగతి చెప్పాలి. మలేరియా స్లయిడుకి మేం వాడింది జేఎస్‌బీ రంగు. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే ఇద్దరు మన దేశపు వాళ్ళు 1940లలో తయారుచేశారు. ఖరీదైన విదేశీ రంగులతో పనిలేకుండా మన దగ్గరే కలుపుకునేట్టు. సీసాలు రెండు, ఒకటో నంబరు నీలం, రెండో నంబరు ఎరుపు. తమాషా ఏమిటంటే ముందు రెండో నంబరులో ముంచాలి, తర్వాత ఒకటో నంబరులో. కొత్తగా వచ్చిన ప్రతివాడూ మొదటివారం తిరగేసి ముంచేవాడు, మావయ్య ప్రతివాడి నెత్తినా ఒక మొట్టికాయ వేసేవాడు. "నంబరు చూసి కాదురా, రంగు చూసి ముంచు" అనేవాడు. రెండో నంబరులో ఒకటి రెండు ముంపులు, కడగడం, ఒకటో నంబరులో అర నిమిషం పైన, మళ్ళీ కడగడం. గోడకి ఆనించి ఆరబెట్టడం. పొద్దున్నించి సాయంత్రం దాకా చేతివేళ్ళు నీలం. సంతలో కూరలు బేరమాడేటప్పుడు ఆ నీలం వేళ్ళు చూసి గుర్తుపట్టి 'రొక్తొ బాబు' అనేవాళ్ళు, రక్తం బాబు అని. నా అసలు పేరు ఆ ఊళ్ళో ఎంతమందికి తెలుసో అనుమానమే.

ఇక అసలు పని. ఒక చుక్క సెడార్‌వుడ్ నూనె వేసి, నూరు రెట్ల లెన్సు దానికి తాకేదాకా దించి, కంటి ముందున్న గుండ్రటి వెలుతురులో వెతకడం. ఆ గుండ్రం ఒక ఫీల్డు. మందపు చుక్కలో నూరు ఫీల్డులు చూడకుండా నెగటివ్ అని రాయకూడదు, అది రూలు. పాజిటివ్ అయితే తొందరగా తేలిపోతుంది, మొదటి చూపులోనే మలేరియా క్రిములు ఉంగరాల్లా కనబడతాయి. ఎర్రటి చుక్క, దానికి నీలం రంగు సన్నని అంచు. ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం అయితే మరీ సన్నగా, ఒక్కోసారి ఒక కణంలోనే రెండు మూడు. ఏమీ లేని స్లయిడుతోనే చాకిరీ. ఒకటో ఫీల్డు, రెండో ఫీల్డు, నలభయ్యో ఫీల్డు, అన్నీ ఒక్కలాగే. తెల్లకణాల మచ్చలు, రంగు పొడి, ధూళి. ఎనభయ్యో ఫీల్డుకి మెడ పట్టేస్తుంది. తొంభైకి వచ్చాక, చాల్లే ఇంకేముంటుంది అని మనసు గుంజుతుంది. మావయ్య పక్కనుంచి, తన మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండానే, "ఇంకా పదున్నాయి" అనేవాడు. ఎలా తెలిసేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నా కుర్చీ కిర్రుమనేదేమో.

చిన్నతనంలో ఆ నూరు ఫీల్డులు నాకు శిక్షలా ఉండేవి. ఏదైనా దొరికితేనే పని చేసినట్టు. సాయంత్రం ఇంటికెళ్ళాక మా అమ్మతో 'ఈవేళ పదకొండు పట్టాను' అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి, చేపలు పట్టినవాడిలాగ. ఆవిడ "అయ్యో, పదకొండు మందికా?" అనేది. ఆ మాటతో ఒక్కసారిగా మారిపోయానని చెప్పను గానీ, వయసు పెరిగేకొద్దీ నాలో సంబరం అటునుంచి ఇటు జరిగింది. ఏమీ లేని స్లయిడు మీద మమకారం పెరిగింది. మావైపు ఊళ్ళ నుంచి వచ్చే ముసలమ్మలు కిటికీలోంచి తల పెట్టి "ఏటి బావూ, గుంటడి రగతంలో ఏటున్నాది?" అనేవారు. "ఏటీ నేదమ్మా" అని చెప్పడం నాకు దొరికిన పెద్ద సుఖం. పాజిటివ్ కాగితం డాక్టరు గారికి వెళ్ళేది, అది ఆయన చెప్పాల్సిన కబురు. 'నేదు' అన్నది మాత్రం చాలాసార్లు నా నోటితోనే చెప్పేవాణ్ణి. జ్వరానికి వేరే కారణం ఉంటుంది, వెతకాలి, అది డాక్టరు గారి బాధ. కానీ మా కొండల్లో మలేరియా లేదంటే ఆ ముసలమ్మ మొహం విచ్చుకోవడం నేను చూశాను కదా, ఆ విచ్చుకోవడానికి వెనక నూరు ఫీల్డులున్నాయని నాకొక్కడికే తెలుసు. ఎవరికీ తెలియకపోవడంలోనూ ఒక హాయి ఉంది.

దొరికిన కేసుల్లో ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను.

తొంభైల మధ్యలో ఒక వానాకాలం. ఆశ్రమ పాఠశాల హాస్టలు నుంచి ఒక సవర పిల్లాణ్ణి రాత్రివేళ తీసుకొచ్చారు. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. స్పృహ లేదు, మధ్యమధ్య ఫిట్స్. కటక్ వైపు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు, ఆయనకీ చిన్న వయసే. నన్ను క్వార్టర్స్ నుంచి లేపుకొచ్చారు. కరెంటు లేదు, మైక్రోస్కోపు అద్దానికి ఎదురుగా పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని చూశాను. నూరు ఫీల్డుల దాకా పోనక్కర్లేదు. మొదటి ఫీల్డులోనే లెక్కపెట్టలేనన్ని ఉంగరాలు. ఫీల్డుకి పది దాటితే నాలుగు ప్లస్సులు వేయాలి. నాలుగు వేశాను, ఐదో ప్లస్సు వేసే పద్ధతి లేదు గనక. సాలీ గొట్టంలో హిమోగ్లోబిన్ చూస్తే నాలుగు. ఆ గొట్టం రంగు పెట్రోమాక్స్ వెలుతురులో సరిపోల్చడం కష్టమే, నాలుగున్నరో మూడున్నరో అయ్యుంటుంది. ఎలా చూసినా రక్తం ఎక్కించాల్సిందే.

పిల్లాడితో వచ్చింది హాస్టలు వంటమనిషి ఒక్కడే. మాది పాతపట్నం అవతల ఊరు అన్నాడు. గ్రూపు చూస్తే ఇద్దరిదీ బి పాజిటివ్. అదృష్టమంటే అదే. చెయ్యి చాపి, "నాది తీయండి బావూ, ఆడు నా చేతి కూడే తింటన్నాడు" అన్నాడు. ఇద్దరి రక్తం కలిపి సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ చేస్తున్నంతసేపూ నా పక్కనే నిలబడి, నా చేతిలో గొట్టాన్ని నాకంటే శ్రద్ధగా చూశాడు. గడ్డ కట్టలేదు. సరిపోయిందయ్యా అన్నాను. రక్తం ఇచ్చి, టీ తాగి, "అయితే ఇక నేను ఎల్లొచ్చా, పొద్దుటికి పొయ్యి ఎలిగించాల" అన్నాడు. అంతమంది పిల్లలు పొద్దున్న ఆకలితో లేస్తారు మరి.

పిల్లాడికి క్వినైన్ ఎక్కించారు. క్వినైన్‌తో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది గనక వార్డు నుంచి సిస్టరు మాటిమాటికీ నమూనా పంపేది. పన్నెండు గంటల తర్వాత స్లయిడు చూస్తే ఉంగరాలు ఏమాత్రం తగ్గలేదు, ఇంకాస్త పెరిగినట్టే ఉన్నాయి. క్వినైన్ పని మొదలెట్టడానికి టైం పడుతుందని పుస్తకంలో చదివాను. చదవడం వేరు, ఆ రోజు కన్ను తీయకుండా చూడడం వేరు. నాకు చాలా టెన్షన్. రెండో రోజు సాయంత్రానికి ఫీల్డుకి నాలుగైదు. మూడో రోజు వెతికితే ఒకటి అరా. ఆ తర్వాత స్లయిడు మీద నేను నూరు ఫీల్డులు చూసి, నమ్మలేక ఇంకో నూరు చూశాను. ఏమీ లేదు. కొన్నాళ్ళకి నెలవంక ఆకారాలు రెండు మూడు కనబడ్డాయి. అవి ఆ పిల్లాణ్ణి ఏమీ చేయవు, దోమకెక్కి ఇంకొకరికి పాకుతాయి. దానికి ప్రైమాక్విన్ ఒక డోసు ఇచ్చారు.

ఆ పిల్లాడి మొహం నాకు గుర్తులేదు. ఆ రాత్రి చూసి ఉంటాను, నిలవలేదు. వాడు నడుచుకుంటూ హాస్టలుకి వెళ్ళిపోయిన రోజున నేను డ్యూటీలో కూడా లేను. కానీ వాడు బతకడం మొత్తం నేను ఫీల్డు ఫీల్డుగా చూశాను. డాక్టరు గారికి పిల్లాడు కళ్ళు తెరవడం కనబడింది, సిస్టరుకి మంచినీళ్ళు అడగడం వినబడింది. నాకు ఉంగరాలు తగ్గడం కనబడింది. ఎవరి వాటా వాళ్ళకి దక్కింది. నా వాటా తక్కువని నాకెప్పుడూ అనిపించలేదు.

క్వినైన్ అంటే మా ఊరి వాళ్ళకి గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన మా పర్లాకిమిడిలో మేష్టరుగా ఉండి, సవరల భాష నేర్చుకోవడానికి ఈ కొండలెక్కారు. అక్కడ మలేరియా పట్టుకుంటే క్వినైన్ వాడారు, వినికిడి పోయింది. అయినా సవర నిఘంటువు పూర్తిచేశారు. మా వార్డులో క్వినైన్ ఎక్కుతున్నవాళ్ళు చెవుల్లో హోరని గోల పెట్టినప్పుడల్లా నాకు ఆయనే మెదిలేవారు. ఒక భాషని చెవులారా వినడానికి వెళ్ళి చెవులు ఇచ్చొచ్చిన మనిషి.

ఆగస్టు అంటే ఇంకోటి కూడా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఏటా ఆ రోజున మా ఆఫీసులో దోమల దినం జరిపి, రాస్ ఫొటోకి దండ వేసేవారు. నేను మనసులో దండ వేసుకున్నది హుస్సేన్ ఖాన్ అనే ఆయనకి. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున పుచ్చుకుని, రాస్ వదిలిన దోమల చేత కుట్టించుకున్న రోగి ఆయన. ఆయన రక్తం తాగిన దోమలోనే అది దొరికింది. నోబెల్ రాస్‌కి వచ్చింది. రావాల్సిందే, కాదనను. కానీ జ్వరంతో పడుకుని చెయ్యి చాపినవాడు ఒకడుంటే గానీ మా విద్యే లేదు. అందుకే కిటికీలోంచి లోపలికొచ్చిన ప్రతి వేలునీ కాస్త మర్యాదగా పట్టుకునేవాణ్ణి. గట్టిగా లాగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది, జూనియర్ల మీద నేను కేకలు వేసిందంటూ ఉంటే ఆ ఒక్కదానికే.

చిన్న రైలు 2004లో ఆగిపోయింది. మళ్ళీ 2011కి గుణుపురం దాకా పెద్ద రైలొచ్చింది. అప్పటికి నేను పర్లాకిమిడి బదిలీ అయ్యాను. మైక్రోస్కోపులకి బల్బులొచ్చాయి, రక్తకణాలు లెక్కపెట్టే మెషీన్లొచ్చాయి, సాలీ గొట్టం బీరువా ఎక్కింది. పాత ఒంటికన్ను మైక్రోస్కోపు ఒకటి పాడైన సామాను లిస్టులో రాయమన్నారు. ఆ లిస్టు నా చేతిలో ఉండగానే చాలాకాలం గడిచిపోయింది, ఏం చేస్తాం, గవర్నమెంటు పని.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ దెబ్బ నేరుగా మా మీదికే వచ్చింది. జీడితోటలు, కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ పడుకున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఉన్న జనరేటరు డీజిలు ఆపరేషన్ థియేటరుకీ, కాన్పుల గదికీ పొదుపుగా వాడాలి. ల్యాబుకి ఇవ్వమని అడగడానికి కూడా మనసొప్పదు. మెషీన్లన్నీ కళ్ళు మూసుకున్నాయి. కొండల నుంచి మాత్రం జ్వరాలు దిగుతూనే ఉన్నాయి, దెబ్బలు తగిలినవాళ్ళు ఎలాగూ ఉన్నారు. అప్పుడు బీరువా వెనక నుంచి ఆ ఒంటికన్నుదాన్ని తీశాను. గుడ్డతో దుమ్ము దులిపి, లెన్సుని జైలీన్‌తో తుడిచి, వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. కింద అద్దం చదును వైపు పైకి తిప్పి, కండెన్సర్ పూర్తిగా ఎత్తి. నేరుగా ఎండని పట్టకూడదు, కళ్ళు దెబ్బతింటాయి. ఎదురుగా తెల్లగోడ మీద పడి వచ్చే వెలుతురు పట్టాలి. మబ్బొస్తే ఆగడం, తొలగితే చూడడం. మా జూనియర్ కుర్రాడు బల్బు లేని మైక్రోస్కోపుని అంతకుముందు చూడలేదట. "సార్, దీనికి స్విచ్ ఎక్కడుంది?" అన్నాడు. ఆకాశం వైపు చూపించాను. తుపాను వచ్చినప్పటినుంచీ ఇద్దరం నవ్వింది అప్పుడే.

ఆ వరండాలో నాకు పని విసుగనిపించలేదు. మందుల ఖర్చు లేదు, కరెంటు బిల్లు లేదు. ఒక అద్దం, కాస్త నూనె, మధ్యాహ్నపు వెలుతురు, మావయ్య నేర్పిన చెయ్యి. ఆయన అప్పటికే పోయాడు.

2020, 2021 సంగతి అందరూ రాశారు, నేను కొత్తగా రాసేదేమీ లేదు. ఆ ప్లాస్టిక్ డ్రెస్సులో చెమటలు బూట్లలోకి కారేవి. మా ఆవిడ నన్ను వాకిట్లోనే నీళ్ళు పోసుకోమనేది. అంతే.

రాయాల్సింది ఇంకోటుంది. మలేరియా తగ్గింది. అంతలా తగ్గుతుందని ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. 2016లో ఒడిశా మొత్తం మీద 4 లక్షల పైన కేసులు, 2018కి 70 వేల లోపు. ఒక్క కారణమని చెప్పలేం. మందు పూసిన దోమతెరలు లక్షల్లో పంచారు. ఊళ్ళో ఆశా అక్క చేతికే కార్డు టెస్టులిచ్చారు. వేలు మీద చుక్క తీసి కార్డులో వేస్తే పావుగంటలో గీత పడుతుంది. నా నూరు ఫీల్డులూ ఆ పావుగంటలోకి దూరిపోయాయి. దమన్ అని ఒక కార్యక్రమం పెట్టారు, దుర్గమ అంచలరే మలేరియా నిరాకరణ అని పూర్తి పేరు. వానలకి ముందోసారి, తర్వాతోసారి కొండ ఊళ్ళకెళ్ళి, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ టెస్టు చేయడం, ఉంటే అక్కడికక్కడే మందివ్వడం. ఒంట్లో క్రిములుండీ జ్వరం లేకుండా తిరిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళని వదిలేస్తే ఊరంతా మళ్ళీ మొదటికే.

గుమ్మ, నువాగడ కొండల్లో కొన్ని క్యాంపులకి నేనూ వెళ్ళాను. మోకాళ్ళు సహకరించక అందరికంటే వెనక నడిచేవాణ్ణి. పై ఊళ్ళో ఆశా అక్క, నా కూతురి వయసు, నేను ఆయాసపడుతూ చేరేసరికి సగం ఊరి టెస్టులు చేసేసి కార్డులు వరసగా పేర్చి ఉంచింది. ఒక్కో కార్డు మీద పెన్సిల్‌తో నంబరు రాసి. పెన్సిలెందుకమ్మా అంటే, చెమట చేతులకి పెన్ను చెదిరిపోతోంది సార్ అంది. నేనేమీ నేర్పలేదు ఆ పిల్లకి.

మావాళ్ళలో కొందరికి ఈ కార్డులు వచ్చాక ముఖం చిన్నబోయింది. మన విలువ పోయిందన్నారు. నాకలా అనిపించలేదు. చెరువు తవ్వినవాడు ఇంటింటికీ కుళాయి వచ్చిందని ఏడుస్తాడా?

చిక్కు ఒకటి మాత్రం వచ్చిపడింది. కొత్తగా వచ్చే ట్రైనీలకి చూపించడానికి పాజిటివ్ స్లయిడు దొరకడం మానేసింది. ఒకప్పుడు వానాకాలంలో పొద్దున్న మొదటి పెట్టెలోనే దొరికేది. నేను రిటైరయ్యే ముందు నువాగడ వైపు నుంచి ఒక సవర అమ్మాయి ట్రైనింగుకి వచ్చింది. వాళ్ళ నాన్న చిన్నప్పుడు మూడుసార్లు జ్వరం పడి బతికాడట. ఆ పిల్ల మాత్రం ఉంగరాన్ని పుస్తకంలో తప్ప చూడలేదు. వారాల తరబడి నూరేసి ఫీల్డులు చూసి, రోజూ నెగటివ్ రాసి, "సార్, నాకు చూడ్డం రావట్లేదేమో" అని బెంగపెట్టుకుంది. నేను దాచుకున్న పాత స్లయిడ్ల పెట్టె తీశాను. రంగు కొంచెం వెలిసింది గానీ ఉంగరాలు పోలేదు. ఆ పిల్ల చూస్తూనే "అయ్య బాబోయ్, ఇన్నా!" అని కేకపెట్టి, ఫోను కెమెరా కంటిగొట్టానికి ఆనించి ఫొటో తీసుకుంది. వాళ్ళ నాన్నకి వాట్సాప్‌లో పంపింది. ఆ పెట్టె ఆ పిల్లకే అప్పగించాను. జైలీన్ ఎక్కువ పోయకు, లెన్సు కాగితంతోనే తుడువు, కొంగుతో తుడిచావో ఊరుకోను అని ఒక లెక్చరు కూడా ఇచ్చాను.

ఇప్పుడు ఆ అమ్మాయిని అక్కడే కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నేను మూణ్ణెల్లకోసారి షుగరు చూపించుకోవడానికి వెళ్తుంటాను, కిటికీకి ఇవతల లైన్లో నిలబడి. మొన్న నా వంతు వచ్చేసరికి ఎడమ చెయ్యి ముందుకు పెట్టాను. స్పిరిట్ ఆరేదాకా ఆగింది. మొదటి చుక్క తుడిచింది. నేను నోరు తెరవబోతే, "సార్, మాట్లాడితే చెయ్యి కదులుతుంది" అని గదిమింది. ఫలితం రెండు వందల పది. రెండ్రోజుల ముందు పాతపట్నంలో మా మేనకోడలి పెళ్ళికెళ్ళామని, అక్కడ లడ్డూలు బాగున్నాయని చెప్పాను. అవేవీ వినకుండా కాగితం మీద ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఇది ఆంటీకి చూపించండి" అంది. కాగితం ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. మా ఆవిడ ఉతకడానికి బట్టలు అడుగుతోంది, లేవాలి.